కరెంటు పోయిన ఎంట్రెన్స్ పరీక్ష: భీమవరం నుంచి రాజమండ్రికి

మంచి బడులు డబ్బున్నవాళ్ళ పిల్లలకే అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే రాజమండ్రిలో పేరున్న ఒక బడి ఎనిమిదో తరగతికి ఎంట్రెన్స్ పెడుతోందని తెలియగానే మా బాబాయి కూతురు శిరీష పేరుతో దరఖాస్తు పెట్టేశాను. హాస్టల్ పిల్లలకీ, రోజూ ఇంటి నుంచి వచ్చేవాళ్ళకీ కలిపి సీట్లు కొన్నే. ఎనిమిదిలో తప్పితే పై తరగతుల్లో చేర్చుకోరు. బాబాయి భీమవరం దగ్గర ఒకరి రొయ్యల చెరువుకి కాపలా. కాపురం కూడా ఆ గట్టు మీది పాకలోనే. "అంత దూరం పిల్లనెందుకురా?" అన్నాడు. నేను చదివిన కరపత్రాలన్నీ ఆయన మీద కుమ్మరించాను. "సరేలేరా బాబూ, తీసుకెళ్ళు. నా చెవులు నొప్పెడుతున్నాయి" అన్నాడు.

పరీక్ష పదింటికి. తెల్లవారకుండానే ఆటోలో భీమవరం చేరి ప్యాసింజరు ఎక్కాం. టికెట్టు తలకి యాభై దాటలేదు. తణుకు, నిడదవోలు మీదుగా మూడు గంటల లోపే రాజమండ్రి. వంతెన మీదికి రాగానే "గోదారి చూడవే" అన్నాను. "చూస్తే లెక్క పోతుంది అన్నయ్యా" అంది, పుస్తకంలోంచి తలెత్తకుండా. స్టేషన్ బయట ఇడ్లీ తిని ఆటో అడిగితే డ్రైవరు రెండొందలన్నాడు.

"పరీక్ష పిల్లల దగ్గర కూడా ఇంత దోపిడీనా?" అని నేను అందుకున్నాను.

"ఉపన్యాసం తర్వాత చెప్పుకుందురుగాని, ముందు ఎక్కండి బాబూ. నూట ఇరవై ఇవ్వండి. గేటు మూసేస్తారు."

తల్లిదండ్రులని లోపలి షెడ్డులో కూర్చోనిచ్చారు. ఎదురుగా వరండా, దాని వెనక పరీక్ష గదులు. గంట గడిచిందో లేదో, కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిన మరుక్షణం ఒక గదిలోంచి శిరీష వరండాలోకి పరిగెత్తుకొచ్చింది. అటూ ఇటూ వెతికినట్టు చూసి, తనెక్కడుందో గుర్తొచ్చి, బిక్కచచ్చి నిలబడిపోయింది. వెనకే టీచరు వచ్చింది. "బయటికొచ్చేశావు కదమ్మా, ఇంక లోపలికి కుదరదు. రూల్సు ముందే చెప్పాం."

నేను వాచ్‌మన్‌ని తోసుకుని వెళ్ళిపోయాను. "ఏంటండీ కుదరదు? పేదపిల్ల అనేగా?" నా గొంతుకి ప్రిన్సిపాల్ గారు కూడా బయటికొచ్చారు. చదువు హక్కు గురించి ఎత్తుకున్నాను.

"అన్నయ్యా, నువ్వాగు. టైమైపోతోంది" అంది శిరీష. ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగింది. "కరెంటు పోయిందండి. మా చెరువులో అయితే నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోతాయండి. వెంటనే జనరేటర్ వెయ్యకపోతే రొయ్యలకి గాలాడక చచ్చి తేలిపోతాయండి. రాత్రుళ్ళు నాన్న అవతలి గట్టు మీదుంటే నేనే వేస్తానండి. అలవాటు కొద్దీ లేచి వచ్చేశానండి."

ప్రిన్సిపాల్ గారు నమ్మాలా వద్దా అన్నట్టు చూశారు. ఇంతలో షెడ్డులోంచి ఒక పెద్దాయన లేచారు. తెల్ల పంచె, చేతిలో కారు తాళాలు, మనవడిని పరీక్షకి తెచ్చినాయన. "నిజమేనండి మేడం. నాకూ చెరువులున్నాయి. కరెంటు పోతే మేం భోజనం దగ్గర్నుంచి ఎంగిలి చేత్తో లేచి పరిగెడతాం. ఇది చిన్నపిల్ల కదండీ!" షెడ్డంతా నవ్వింది.

"పేపరేది?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"బల్ల మీదే ఉందండి. పెన్ను కూడా అక్కడే ఉందండి."

"మళ్ళీ కరెంటు పోతే?"

"లేవనండి. ఇక్కడ రొయ్యలు లేవు కదండీ."

ఆవిడ నవ్వు ఆపుకుంటూ, పోయిన టైము మాత్రం తిరిగి ఇచ్చేది లేదని చెప్పి లోపలికి పంపారు. నేను పెద్దాయన పక్కకెళ్ళి కూర్చున్నాను. "మీ మనవడికి ఒక పోటీ తగ్గేది కదండీ" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఆ పిల్లని గెంటేస్తే మావాడికి లెక్కలొచ్చేస్తాయా ఏంటి అబ్బాయ్?"

సాయంత్రం రైల్లో శిరీష, చివరి రెండు లెక్కలు తప్ప అన్నీ చేశానంది. కొవ్వూరు దాటాక మెల్లగా అడిగింది: "హాస్టల్ సీటొస్తే, నాన్నకి జనరేటర్ ఎవరేస్తారు?" పన్నెండేళ్ళ పిల్ల నిద్రలో కూడా కరెంటు కోసం చెవి ఒగ్గి పడుకోవడం ఏం న్యాయం? మామూలుగా అయితే వ్యవస్థని నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఊరు చేరాక, సీటొస్తే రాత్రి కాపలాకి నేనొస్తానని బాబాయితో చెప్పాను. "నీకు ఇంజను స్టార్ట్ చెయ్యడం వచ్చా?" అన్నాడు. రాదు. మర్నాటి నుంచి శిరీష నేర్పుతోంది, నా మీద అరుస్తూ. ఫలితాలు ఇంకా రాలేదు. నాకైతే సీటొస్తుందనే ఉంది.

ఇలాంటి పరీక్షకి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: ఏం జరిగినా బెంచీ మీద నుంచి లేవకుండా చెయ్యెత్తి టీచర్ని పిలవమని పిల్లలకి ముందే చెప్పండి. చెరువు గట్ల నుంచి వచ్చేవాళ్ళు, ఫ్యాన్లు ఆగినప్పుడు కూడా అని విడిగా చెప్పండి.