ఏడో పుస్తకం మీద కూర్చున్న కెప్టెన్

ఆ రోజుల్లో యుద్ధాలు చాలా తేలిగ్గా మొదలయ్యేవి. ఆదివారం పెట్టే కోడిగుడ్డు పక్కదాని గుడ్డుకన్నా చిన్నగా ఉందని ఒకటి, నీళ్ల ట్యాంకు దగ్గర బకెట్టు ముందుకు జరిపిందని ఒకటి, ఎవరి రిబ్బను ఎవరి జడలో ఉందో తేలక మరొకటి. మధ్యాహ్నం మొదలైన యుద్ధం సాయంత్రం ప్రార్థనకల్లా ముగిసిపోయేది, రెండు పక్షాలూ ఒకే చాప మీద కూర్చుని ఒకే పాట పాడేవి. అలాంటి యుద్ధాల్లో ఒకదానికి మాత్రం నేనే ప్లాను వేసి, సైన్యాన్ని కూడగట్టి, ఓడిపోయి, ఆ తర్వాత నా ప్రాణస్నేహితురాలిని శత్రువుకు అప్పజెప్పాను. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఇరవై ఏళ్లు దాటినా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నది కూడా పశ్చాత్తాపంతో కాదు, పోయిన వేసవిలో కొన్ని పాత పుస్తకాలు మళ్లీ చదవడం వల్ల.

టేకులపల్లి దగ్గర అడవి అంచున చర్చివాళ్లు నడిపే ఆడపిల్లల హాస్టలు అది. సత్తుపల్లిలో ఐదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియంలో చదివిన నన్ను (చదివాను అనడంకన్నా కూర్చున్నాను అనడం న్యాయం) అల్లరి తగ్గుతుందని నాన్న తెచ్చి అక్కడ వదిలాడు. ఒకసారి ఎక్కడో విదేశంలో ఎవరో దయగలవాళ్లు పంపిన పెట్టె ఒకటి వచ్చింది. దాన్నిండా స్వెట్టర్లు (మా ఎండలకు స్వెట్టర్లు!), వాటి అడుగున ఏడు ఇంగ్లీషు పుస్తకాలు. స్వెట్టర్లు వార్డెనమ్మ బీరువాలోకి పోయాయి, పుస్తకాలు నాకు దక్కాయి.

ఆ ఏడు పుస్తకాల్లోనూ ఒకటే కథ. గొంతుదొంగలని ఒక జాతి ఆకాశం నుంచి దిగుతుంది. వాళ్లకు సొంత గొంతు ఉండదు, మనుషుల గొంతులు దొంగిలించి అమ్మలా పిలుస్తారు, టీచర్లా తిడతారు. వాళ్లమీద రహస్యంగా యుద్ధం చేసేది ఐదుగురు పిల్లలు. వాళ్ల కెప్టెన్ నా ఈడు పిల్లే. మొదటి పుస్తకంలో ఆ పిల్లలు చిన్న అబద్ధం కూడా ఆడరు. రెండోదాంట్లో ఇంట్లోవాళ్లకు అబద్ధాలు చెబుతారు. నాలుగోదానికి వచ్చేసరికి ఇచ్చిన మాట తప్పుతారు. ఐదోదాంట్లో ఒక వంతెన కూలుస్తారు, దానిమీద ఎవరున్నారో చూడరు. ఇవన్నీ పిల్లల పుస్తకాలే, అట్టమీద నవ్వుతున్న ఎర్ర రాకెట్టు బొమ్మ కూడా ఉండేది.

హాస్టల్లో ఇంగ్లీషు గడగడా చదివేది నేనొక్కదాన్నే. గడగడా చదవడానికీ అర్థం కావడానికీ సంబంధం ఉందా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సాయంత్రం ప్రార్థనకూ అన్నానికీ మధ్య వరండాలో పుస్తకం పట్టుకుని, కథ తెలుగులో చెప్పేదాన్ని. తెలియని మాటలు రెండు వరుసగా వస్తే అక్కడొక పేలుడు పెట్టేదాన్ని. "అంతల ఢామ్మని పేలింది!" అనగానే అందరూ ఊపిరి బిగబట్టేవారు, ఆలోగా నేను రెండు పంక్తులు దాటేసేదాన్ని. పేజీ మొత్తం అర్థం కాకపోతే పెద్ద పేలుడు. అడవిలో నిజంగానే ఒక యుద్ధం నడుస్తున్న రోజులవి. దాని గురించి పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు, మేం వెళ్తే మాట మార్చేవారు. మాకు మాత్రం మా వరండా యుద్ధమే యుద్ధం.

నా పక్కన ఎప్పుడూ కూర్చునేది ఇప్పపువ్వు. సెలవులకు ఇంటికి పోయి వచ్చినప్పుడల్లా మూటలో ఎండిన ఇప్పపువ్వు తెచ్చి అందరికీ పంచేది కాబట్టి ఆ పేరు, పిలవడానికి ఇప్ప. వాళ్లది లోపలి ఊరు. అమ్మానాన్నలు తునికాకు కోసేవారు, ఉన్న కాస్త చెలక దున్నుకునేవారు. పరుగులో దాన్ని పట్టుకోగలిగినవాళ్లు హాస్టల్లో లేరు. నన్ను మొదట కెప్టెన్ అని పిలిచిందీ అదే. ఆ పిలుపు నాకెంత నచ్చిందంటే, కెప్టెన్ అన్నాక ఒక యుద్ధం చేయకపోతే బాగుండదనిపించింది.

మా హాస్టల్లో గంట అంటే వేపచెట్టుకు వేలాడే రైలు పట్టా ముక్క. దాన్ని మూరెడు ఇనుప కడ్డీతో వార్డెనమ్మ పొద్దున్నే నాలుగున్నరకు స్వయంగా కొట్టేది. మూడో పుస్తకంలో పిల్లలు శత్రువుల బూర ఎత్తుకొస్తారు, శత్రుసైన్యం పొద్దెక్కేదాకా నిద్రపోతుంది. మేమూ కడ్డీ ఎత్తుకురావాలని నిశ్చయించాను (మా కథలో నిద్రపోయేది శత్రువు కాదు, మేమే అన్నది చిన్న తేడా). ప్లాను నాది, పరుగు ఇప్పది. ఆదివారం పాటల సమయంలో అది కడ్డీ తెచ్చి వంకాయ మడిలో పాతిపెట్టింది. మర్నాడు పొద్దున నాలుగింటికే వార్డెనమ్మ స్టీలు పళ్లెం, గరిటె పట్టుకుని ఒక్కొక్కరి చెవి దగ్గరా వాయించుకుంటూ వచ్చింది. మేం కోరుకున్నది గంటసేపు ఎక్కువ నిద్ర, దక్కింది అరగంట తక్కువ.

అందరినీ వరసలో నిలబెట్టింది. "ఎవ్వలు తీసిండ్రు? చెప్పరా? గీ పుస్తకాలు వచ్చినకాన్నుంచే మీకు గిట్ల తెలివి పుట్టింది" అని ఏడో పుస్తకం పట్టుకుపోయింది. అప్పటికి ఆరు అయిపోయాయి. ఆరోదాని చివర కెప్టెన్ ప్రాణస్నేహితురాలు, అందరికన్నా వేగంగా పరుగెత్తే పిల్ల, శత్రువుల కోటగోడ ఎక్కి ఉంది. కింద కాపలావాళ్లు. ఆ పిల్లను గోడమీదే వదిలేసి మేం రెండు రోజులు అన్నం తిన్నాం.

మూడో రోజు వార్డెనమ్మ నన్ను తన గదికి పిలిచింది. బల్లమీద ఏడో పుస్తకం ఉంది. "పేరు చెప్పు, పుస్తకం తీస్కపో" అంది. నేను గట్టిగా నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో ఇన్నేళ్లలో చాలాసార్లు గుర్తుచేసుకున్నాను, దాదాపు ఒక నిమిషం అని నా నమ్మకం. తర్వాత ఇప్ప పేరు చెప్పాను. ప్లాను ఎవరిదని ఆమె అడగలేదు. అడగనిదానికి జవాబివ్వడం మర్యాద కాదని నేనూ ఊరుకున్నాను. ఇప్పకు పది రోజులు అన్నం గంజులు తోమే శిక్ష పడింది.

ఆ మధ్యాహ్నం వంటింటి గోడ పక్క నీడలో కూర్చుని ఏడో పుస్తకం ఒక్క బిగిన చదివాను. అందులో కెప్టెన్ యుద్ధం గెలవడం కోసం తన స్నేహితురాలిని గొంతుదొంగలకు అప్పజెబుతుంది. ఆ పిల్ల తిరిగి రాదు. యుద్ధం ఆగిపోతుంది, ఊరంతా సంబరం. కెప్టెన్ మాత్రం బడిలో ఒక్కతే కూర్చుని అన్నం డబ్బా మూత తీస్తుంది, అంతే కథ. ఆ స్నేహితురాలి కోసం నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఛీ, ఇదేం కెప్టెన్ అనుకున్నాను. గోడకు అవతల ఎవరో బూడిదతో గంజు రుద్దుతున్న చప్పుడు వస్తోంది. ఏడుపుకు అడ్డంగా ఉందని విసుక్కున్నాను కూడా.

సాయంత్రం వరండాలో అందరూ చుట్టూ చేరారు. మోచేతుల దాకా బూడిదతో ఇప్ప వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. అప్పుడు తట్టింది నాకు. కెప్టెన్ స్నేహితురాలిని అప్పజెప్పే పేజీ వచ్చింది. "అంతల ఢామ్మని పేలింది!" అన్నాను. నా జీవితంలో అన్నిటికన్నా పెద్ద పేలుడు అదే. కోటగోడ కూలింది, కాపలావాళ్లు పారిపోయారు, కెప్టెన్ దోస్తు చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చింది, అందరూ కోడికూరతో అన్నం తిన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. "అయితే కెప్టెన్ దోస్తును ఇయ్యలేదా?" అని ఇప్ప గుమ్మంలోంచే అడిగింది. "ఇయ్యలే" అన్నాను. "మంచిగుంది" అని మళ్లీ గంజుల దగ్గరికి పోయింది.

పోయిన వేసవిలో ఫోన్లో ఆ ఏడు పుస్తకాలూ ఒకచోట కనబడితే తెప్పించుకున్నాను. ఇప్పుడు ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో ఉంటున్నాను, ఇంగ్లీషు కాస్త మెరుగైంది. చదువుతుంటే మొదట ఆశ్చర్యం, తర్వాత సిగ్గు. నేను పెట్టిన పేలుళ్లలో సగం పుస్తకాల్లో లేవు. ఆ చోట్లన్నీ పిల్లలు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. మనం చేసింది సరైనదేనా, గెలవడానికి ఇంకా ఏమేం చేయాలి, చేశాక మనం మనలాగే ఉంటామా అని. వంతెన కూల్చిన రాత్రి వాళ్లలో ఒకడు అన్నం ముట్టడు. అక్కడ నేను రెండు పేలుళ్లు పెట్టిన గుర్తు. ఇక ఏడో పుస్తకంలో కెప్టెన్, స్నేహితురాలిని ఇవ్వాలా వద్దా అని మూడు అధ్యాయాలు నలిగిపోతుంది. నలభై పేజీలు! ఆ కెప్టెన్‌ను ఛీ అన్న నోరు నాది.

ఆ పేజీల మీదే ఉన్నాను, తలుపు చప్పుడైంది. చూస్తే ఇప్ప. ఇప్పుడు టేకులపల్లి వైపే నర్సుగా పనిచేస్తోంది, కూతురికి స్కూలు పుస్తకాలు కొనడానికి ఖమ్మం వచ్చి, షేర్ ఆటో ఎక్కి మా ఇంటికి వచ్చింది. "ఏం కెప్టెనూ, మంచిగున్నవా? జల్దీ చాయ్ పెట్టు, నాలుగింటి బస్సుకు పోవాలె." చేతిలోని పుస్తకం కుర్చీలో పడేసి చాయ్ పెట్టి తెచ్చాను. ఎదురుగా కూర్చున్నాను, పుస్తకం మీదే. మిగతా ఆరూ టీపాయ్ మీద ఉన్నాయి.

గుండె దిటవు చేసుకుని చెప్పేశాను. "ఇప్పా, గప్పుడు కడ్డీ పోయినప్పుడు వార్డెనమ్మకు నీ పేరు చెప్పింది నేనే."

"అవ్, తెల్సు" అంది చాయ్ ఊదుకుంటూ. "నిన్ను అడగమన్నదే నేను."

"ఏందీ?"

"ముందుగాల నేనే పోయి చెప్పిన. కడ్డీ నేనే తీసిన అమ్మా, పుస్తకం ఇయ్యుండ్రి అని. ఆమె నమ్మలే. ఎవర్నో కాపాడుతున్నవ్, నీకు గంత ప్లాను ఎక్కడిది అన్నది. అయితే కెప్టెన్‌ను అడుగుండ్రి, పుస్తకం ముందట పెట్టి అడిగితే చెప్తది అన్న. కిటికీ కాడ నిలబడి చూసిన కూడా."

"నేను నిమిషంసేపు చెప్పలే కదా" అన్నాను, కనీసం అదైనా దక్కుతుందని.

"నిమిషమా! ఆమె మాట పూర్తిగ అననేలే, నువ్వు పుస్తకం మీద చెయ్యేసినవ్." పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కోపం రాలేదా నీకు అని అడిగాను.

"ఎందుకే? పేరు చెప్పుడంటే మా ఊర్ల ఎంత భయముండె గప్పుడు. ఎవ్వలొచ్చినా పేరే అడిగేది. చెప్తే ఒక కష్టం, చెప్పకపోతే ఒక కష్టం. హాస్టల్ల పేరు చెప్తే ఏంది, గంజులు తోముడే కదా. సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా నీ కథ మావోళ్లకు చెప్తుంటి, ఏడోది ఏమాయె అని అడుగుతరు. వాళ్లకు ఏం చెప్పాలె నేను?" గ్లాసు కింద పెట్టింది. "గిప్పటికీ సూది ఏసేటప్పుడు పిల్లలకు గదే కథ చెప్త. కెప్టెన్ దోస్తును ఇయ్యలే, చెయ్యి పట్టుకొని ఇంటికి తెచ్చింది అని. సూది ఎప్పుడు దిగిందో వాళ్లకు తెల్వదు."

పది రోజులు గంజులు తోమి కొనుక్కున్న ముగింపు అది. నేను అమ్మింది నకిలీ సరుకు. ఆ రెండో నేరం కూడా ఒప్పుకుందామని నోరు తెరిచాను, కానీ అది అప్పటికే టీపాయ్ మీది పుస్తకాలు గుర్తుపట్టి చేతిలోకి తీసుకుంది. "అయ్యో, గవేనా? మా బిడ్డ ఇంగ్లీషు మీడియమే, దానికి ఇస్త. ఆరే ఉన్నయ్, ఏడోది ఏది?"

"దొరకలే" అన్నాను, కుర్చీలోంచి కదలకుండా.

"దొరకకపోతే ఏమాయె" అంటూ ఆరూ సంచిలో సర్దుకుంది. "అది నాకు నోటికొచ్చు. నేను చెప్త."

అది పోయాక కూడా చాలాసేపు అలాగే కూర్చున్నాను. మూడు అధ్యాయాలు నలిగిన ఆ కెప్టెన్ గుర్తొచ్చింది, ఒంటరిగా అన్నం డబ్బా మూత తీస్తూ. ఎదురుగా ఇప్ప తాగిన గ్లాసు ఉంది, లోపల ఇంకా కాస్త చాయ్ ఉంది. అప్పుడు వచ్చింది నాకు నవ్వు. "దొరకలే" అనడానికి ఈసారి కూడా నిమిషం పట్టలేదు.