నేను తర్జుమా చేసిన ఎలుకల ప్రసంగం

నిండు చర్చిలో మైకు పట్టుకుని, బంగారంలాంటి ప్రసంగాన్ని నిలువునా ముంచేసిన మనిషిని మీరెప్పుడైనా చూసినారా? చూడాలనుంటే చంద్రగిరికి రండి. నేనే. వచ్చినోళ్ళకు టీ కూడా ఇప్పిస్తాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేండ్లు. తిరుపతిలో ఒక లాడ్జి కౌంటర్లో పని. ఆదివారం చర్చికి పోతాను గానీ, గోడకు తగిలించిన క్యాలెండరు మాదిరి ఒక మూల ఉండిపోతాను. పాట పాడమంటే "నాకు రాదు". ప్రార్థన చెయ్యమంటే "నాకు రాదు". ఒకసారి కుర్చీలు సర్దమన్నా నోటికి అదే వచ్చేసింది.

ఆ ఆదివారం వేలూరు నుంచి ఒక ముసలి బోధకుడు వచ్చినాడు. ఆయనకు తమిళం తప్ప ఇంకో భాష రాదు. తర్జుమా చేసేటాయనకేమో జ్వరం. పాస్టరమ్మ నేరుగా నా మూలకే వచ్చింది.

"సామేలూ, దినామూ తమిళమోళ్ళతోనే గదప్పా నీ పని? పోయి మైకు పట్టుకో."

"నాకు రాదమ్మా."

"రాదని దేవుడు చెప్పినాడా, నీకు నువ్వే చెప్పుకున్నావా?"

ఆ మాట యాడో గట్టిగా తగిలింది. నిజమే గదా, ఇన్నేండ్లూ నన్ను పట్టుకుని ఆపిందెవురు? రొమ్ము విరుచుకుని వేదికెక్కినాను.

నా తమిళం ఏపాటిదో మీకు చెప్పల్ల. రూము ఖాళీగా ఉందా, వేడినీళ్ళు ఎప్పుడొస్తాయి, మా రూములో ఎలుకుంది. లాడ్జిలో చెవిన పడేవి ఈ మూడే. వీటితో ఒక ప్రసంగం మొత్తం దాటేద్దామని బయల్దేరినాను సూడండి, అదీ విశ్వాసమంటే!

మొదట్లో బాగానే నడిచింది. ఉన్నట్టుండి పెద్దాయన గొంతు పెంచి, "ఉన్ వాళ్కైయిలే ఎల్లై పోట్టదు యారు?" అన్నాడు.

ఎల్లై! తమిళంలో ఎలుకను 'ఎలి' అంటారు. వారానికి నాలుగుసార్లు వినే మాట నాకు తెలీదా? వేలూరు యాసలో కాస్త సాగదీసినాడులే అనుకున్నాను.

"నీ బతుకులో ఎలుకను పెట్టిందెవరు?" అని అరిచినాను.

జనం ఉలిక్కిపడినారు.

"కడవుళా? నీయా?"

"దేవుడా? నువ్వా?"

"అంద ఎల్లైయై తాండి వా!"

"ఆ ఎలుకను దాటి రా!"

ముందు వరసలో ఒకామె కాళ్ళు పైకి లాక్కుని కుర్చీలో ముడుచుకుని కూర్చునింది.

"కడవుళుక్కు ఎల్లై ఇల్లై!"

"దేవుని దగ్గర ఎలుకల్లేవు!"

"ఆమెన్!" అని చర్చి దద్దరిల్లిపోయింది. ఆ కేకకు పెద్దాయనకు ఊపొచ్చింది. ఆయన్ను చూసి నాకొచ్చింది. ఎల్లై ఉండేవాళ్ళు చేతులెత్తమన్నాడు. "ఎలుకలుండేవాళ్ళు చేతులెత్తండి!" అన్నాను. చర్చి మొత్తం చేతులే. శెనక్కాయలు నిలవ చేసుకున్న రైతొకాయన రెండు చేతులూ ఎత్తినాడు. పెద్దాయన కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

అంతలో కాళ్ళు ముడుచుకున్న అక్క ఏడుస్తా లేచింది. "అయ్యా, నా పెండ్లినాటి పట్టుచీర! కొంగంతా కొరికేసింది!"

ఏమంటాందని పెద్దాయన నన్నడిగినాడు. నేను గర్వంగా, "ఎలి, సార్. పట్టుచీర... ఎలి!" అన్నాను.

"ఎలియా?" ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

వెనక షెడ్డులో మధ్యాహ్నం భోజనాలు వండతా ఉన్న ఎస్తేరమ్మత్త గరిటె పట్టుకునే లోపలికొచ్చింది. ఆమె పుట్టినిల్లు వేలూరు.

"ఒరే సామేలూ! ఎల్లై అంటే హద్దురా! నీకు నువ్వే పెట్టుకున్న హద్దును దాటి రమ్మంటాడు ఆయన! ఎలుకలు యాడ్నుంచి తెచ్చినావు?"

చర్చి చర్చంతా పగలబడి నవ్వింది. నేను కిటికీ వైపు చూసినాను. కమ్మీలు ఉండాయి, దూకేదానికి లేదు.

ఎస్తేరమ్మత్త సంగతంతా చెప్పేసరికి పెద్దాయన నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడినాడు. కండ్లు తుడుచుకుని ఏందో అన్నాడు. అత్త తెలుగులో చెప్పింది.

"ఎన్నో ఊర్లలో ఇదే ప్రసంగం చేసినాడంట. హద్దులుండేవాళ్ళు చెయ్యెత్తమంటే ఒక్కరూ ఎత్తరంట. ఎలుకలంటేనే గదా మీరంతా నిజం ఒప్పుకునింది!"

ఆమీదట ఆయన పట్టుచీర కోసం, శెనక్కాయల కోసం ప్రార్థన చేసి, నా భుజం మీద చెయ్యేసి మిగతా ప్రసంగం మొదలుపెట్టినాడు. నేనే తర్జుమా చేసినాను. అత్త గరిటెతో పక్కనే కావలి నిలబడింది.

ఒట్లు పెట్టుకోవద్దని బైబిలు చెప్తాది గాబట్టి, మర్నాడే కొనుక్కున్న తమిళ నిఘంటువు మీద చెయ్యి పెట్టి ప్రకటిస్తాండాను: ఇకమీదట "నాకు రాదు" అని ఏ పనికీ వెనక్కి తగ్గను. అయితే తెలీని మాట ఎదురైతే మాత్రం, మైకులోనే "అయ్యా, ఇది నాకు అర్థం కాలేదు" అని ఒప్పుకుంటాను. ఆ మాటకు తోకుందేమో అని అనుమానమొస్తే, రెండుసార్లు ఒప్పుకుంటాను.