పాయ మీద నుంచి వచ్చిన జవాబు

ఆ రోజు నీళ్ళ మీద నుంచి నాకు జవాబు వచ్చిందన్న సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు, నాన్నగారికి చెప్పలేదు. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటున్నా, అందులో కూడా ఆ రోజు దగ్గర "గాలివాన వచ్చింది" అని మాత్రమే రాసుకున్నాను.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. నాన్నగారు హైస్కూల్లో ఫిజిక్సు చెప్తారు. అమ్మ చర్చిలో ఆదివారం పిల్లలకి బైబిలు కథలు చెప్తుంది. ఒకరికి సైన్సు ఉంది, ఒకరికి ప్రార్థన ఉంది, కాబట్టి మా ఇంట్లో దెయ్యాలకి చోటు లేదు. నేను దెయ్యాల కథలు ఇష్టంగానే చదువుతాను. చదివి, లైటార్పి, హాయిగా నిద్రపోతాను. పోయేదాన్ని.

మాది ముక్తేశ్వరం దగ్గర, గౌతమి ఒడ్డున. నా చిన్నతనంలో వచ్చిన ఒక వరదకి ఏరు, మధ్యలో ఉన్న ఇసుక లంక అవతలికి జరిగిపోయింది. మా ఒడ్డుకీ లంకకీ మధ్య నీళ్ళు మాత్రం మిగిలిపోయాయి. దాన్ని పాయ అంటాం గానీ, ఎండాకాలంలో అందులో ప్రవాహమే ఉండదు. పెద్ద మంచినీళ్ళ సరస్సు అనుకోవచ్చు. ఇటు నిలబడితే అటు ఉన్నది ఆడమనిషో మగమనిషో పోల్చుకోలేం.

వేసవిలో ఎండ కాస్త వాలాక సముద్రం వైపు నుంచి పైరగాలి మొదలవుతుంది. మా ఒడ్డు మీదుగా పాయ దాటి లంక మీదికి వీస్తుంది. నీళ్ళు పోనుపోను లేచి, లంక ఇసుక మీద కెరటాలై విరుగుతాయి. మా ఊరి పిల్లలు అరటి బోదెల మీద బోర్లా పడుకుని ఆ కెరటాలతో పాటు ఒడ్డుకి జారుతుంటారు. ఆ ఆటకి ఇంకో పేరు ఉంటుందని మాకెవరికీ తెలియదు.

పేరు చెప్పింది కెజియా. మా సునీత పిన్ని కూతురు, నాకంటే చిన్నది. పుట్టి పెరిగింది వైజాగ్‌లో, అక్కడి సముద్రంలో సర్ఫింగ్ నేర్చుకుంది. ఒకసారి నేను ఫోన్లో బోదెల ఆట వీడియో పంపిస్తే, "అక్కా, ఇది బాడీబోర్డింగే! మీ పిల్లలు అరటిచెట్టుతో కానిచ్చేస్తున్నారు" అని, వేసవి సెలవులకి తన బోర్డు చంకన పెట్టుకుని బస్సు దిగింది. మనిషి నడుము ఎత్తుండే స్పాంజి పలక అది. దానికో తాడు, తాడు చివర చేతికి చుట్టుకునే పట్టీ. కాళ్ళకి కప్ప పాదాల్లాంటి రబ్బరు తొడుగులు.

మమ్మల్ని నావ మీద లంకకి దాటించేది సత్తిబాబు గారు. ఆయనకి లంకలో పుచ్చ తోట ఉంది. కాపు అయిపోయినా, పాకలో నడుం వాల్చడానికి రోజూ వెళ్ళేవారు. మొదటిరోజు బోర్డుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మునగదాండీ?" అని అడిగారు.

"మునగదు. దాన్ని పట్టుకున్నంతసేపు మనమూ మునగం," అంది కెజియా.

"ఆయ్," అన్నారాయన.

కెజియా నా వైపు తిరిగింది. "అక్కా, మా వైజాగ్‌లో ఆయ్ అంటే పిల్లల్ని బెదిరించడం. ఇక్కడ పెద్దపెద్దవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు బెదిరించుకుంటున్నారేంటి?"

"బెదిరింపు కాదమ్మా, అలాగేనండీ అని," అన్నారు సత్తిబాబు గారు.

"మరి అలాగే అనొచ్చుగా?"

"ఆయ్."

నావ ఊగిపోయేలా నవ్వింది. చచ్చినా తన నోట్లోంచి ఆ మాట రాదంది. ఆ తర్వాత ఇంట్లో నేను ఎవరికి ఆయ్ అన్నా లెక్కపెట్టినట్టు వేలు చూపించేది. "రూతక్కకి మాటలు రావు, ఇదొక్కటే వచ్చు," అని అమ్మతో చెప్పి నవ్వించేది. నిజమే. కొత్తవాళ్ళ ముందు నాకు అంతకంటే పెద్ద మాట రాదు.

కెజియా దగ్గర మాత్రం వచ్చేది. ఆ సాయంత్రాలంత బాగా నాకు ఏ వేసవీ గడవలేదు. సముద్రం మనిషిని ఎత్తి పట్టుకుంటుందనీ, ఈ నీళ్ళు పట్టుకోవనీ, మనమే చూసుకోవాలనీ చెప్పేది. సముద్రంలో కెరటానికీ కెరటానికీ మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది, ఇక్కడ గాలి ఒకదాని వెనక ఒకటి తోసేస్తూ ఉంటుంది. "కానీ ఉప్పు లేదు చూడు, కళ్ళు తెరుచుకునే దూకేయొచ్చు," అనేది.

నాకు ఈత రాదు. అయినా నడుములోతులో నన్ను బోర్డు మీద బోర్లా పడుకోబెట్టి, కెరటం దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి తోసింది. నీళ్ళు నా కిందికి దూరి, పైకి లేపి, ఇసుక దాకా మోసుకెళ్ళి దించాయి. నేను గట్టిగా అరిచాను. నాకు అంత గొంతు ఉందని నాకే తెలియదు. మర్నాడు పాల కేంద్రం దగ్గర ఒకావిడ, "ఏమండీ రూతుగారూ, లంకలో పలకేసుకుని దేకుతున్నారంట?" అని అడిగితే, సిగ్గుతో చచ్చిపోయాను. కానీ లోపల ఎంత సంతోషమో.

ఆ రోజు కూడా మామూలుగానే దాటాం. సత్తిబాబు గారు నావ కట్టేసి పాకలోకి పోయారు. పాక మేమున్న ఒడ్డుకి దూరమేమీ కాదు, మధ్యలో రెల్లు గడ్డి అడ్డం. లంకలో ఆ రోజు మేం ముగ్గురం తప్ప ఎవరూ లేరు. ఈ మాట ఊరికే అనడం లేదు, తర్వాత ఊళ్ళోవాళ్ళని అడిగి తెలుసుకున్నాను.

కెరటాలు బాగున్నాయి. కెజియా ఎక్కువసేపు జారాలని రోజూ కంటే లోపలికి వెళ్ళింది. నేను ఇసుక మీద కూర్చుని పుస్తకం చదువుకుంటూ, మధ్యమధ్య తలెత్తి చూస్తున్నాను.

ఉన్నట్టుండి పేజీలు కదలడం మానేశాయి. గాలి ఆగిపోయింది. పాయ మీద కెరటాలు ఒక్కొక్కటే పడిపోయి నీళ్ళు నూనెలా అయిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే లంక మీద ఆకాశం నల్లగా ఉంది. లేచి నిలబడేలోపే వెనక నుంచి ఈదురుగాలి కొట్టింది. లంకలో ఉన్న ఇసుకంతా లేచింది. పుస్తకం ఎగిరిపోయింది. నా చెయ్యి నాకు కనపడటం లేదు. గాలి నా వెనక నుంచి నీళ్ళ వైపు, అంటే కెజియాని నా నుంచి దూరంగా తోసే వైపు వీస్తోంది.

నేను అడుగులోతు నీళ్ళలోకి దిగి పిలిచాను. "కెజియా! వచ్చేయ్!"

"ఆయ్!" అని జవాబు వచ్చింది.

కెజియా గొంతే. దూరంగా కూడా లేదు. ఇంత గాలిలో కూడా నన్ను వెక్కిరిస్తోందంటే బాగానే ఉందన్నమాట, అనుకున్నాను. నేను ఆ మాట వింటూ పెరిగినదాన్ని కాబట్టి అలా అనుకున్నాను. ఇంకెవరైనా అయితే ఆ మాటకే అనుమానపడేవారేమో.

"బోర్డు వదలకు!"

"ఆయ్."

"నేను కనపడుతున్నానా?"

"ఆయ్."

ఇలా చాలాసేపు నడిచింది. నేను ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాను, జవాబు వస్తూనే ఉంది. అందుకే నేను పాక వైపు పరిగెత్తలేదు. నేను కదిలితే నా గొంతు పట్టుకుని వస్తున్న మనిషికి దారి తప్పుతుందని భయం. దుమ్ములో కళ్ళు మూసుకుని, నీళ్ళ వైపు ముఖం పెట్టి అక్కడే నిలబడ్డాను.

కాసేపటికి ఇంకా రాదేమని విసుగొచ్చింది. "ఎంత దూరంలో ఉన్నావే?" అని అరిచాను.

"ఆయ్."

అదే గొంతు, అదే తీరు. ఆ ప్రశ్నకి అది జవాబు కాదు. నేను అడగడం మానేశాక నీళ్ళ మీద నుంచి కూడా ఏమీ రాలేదు.

అప్పుడు వాన మొదలైంది. ఇసుక అణిగింది. నా ముందు పాయంతా ఖాళీగా ఉంది. బోర్డు లేదు, తల లేదు, ఏమీ లేదు.

అప్పుడు పరిగెత్తాను. సత్తిబాబు గారు వచ్చి నీళ్ళ వైపు చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. నావ తోయబోతే గాలికి అడ్డం తిరిగి సగం నీళ్ళతో నిండిపోయింది. నాన్నగారికి ఫోన్ చేశాను. ఏం చెప్పానో గుర్తులేదు. ఆ తర్వాత ఇద్దరం వానలో నిలబడి ఎదురుచూశాం. ఈత రాని నేనూ, నావ వెయ్యలేని ఆయనా. చెయ్యడానికి ఏమీ లేని ఆ సమయం ఇప్పటికీ నాలో అయిపోలేదు.

కెజియా మా ఒడ్డునే దొరికింది. గుర్రపుడెక్క మొక్కల్లో చిక్కుకుని ఉంటే నాన్నగారూ, ఇంకో ఇద్దరూ బయటికి లాగారు. బతికే ఉంది. నీళ్ళు బాగా తాగేసింది. అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్తున్నారని ఫోన్ వచ్చింది. బోర్డు మాత్రం దొరకలేదు.

గాలి తగ్గాక నావలో నన్ను దాటిస్తూ సత్తిబాబు గారు తనలో తనే అనుకుంటున్నట్టు అన్నారు. "పాకలోంచి ఎప్పుడో వచ్చేద్దునండీ. మీ మాటలు వినపడుతున్నాయి కదా, ఒడ్డునే ఉన్నారు కదా అని ఊరుకున్నానండీ."

"నేను పిలవడం వినపడిందా?"

"మీరు పిలవడం, ఆవిడ పలకడం. ఇద్దరి మాటలూనండీ."

"ఇద్దరివీనా?"

"ఆయ్," అన్నారాయన.

ఆ మాట వినగానే నేను నావ అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆయన మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

వైజాగ్ నుంచి పరిగెత్తుకొచ్చిన పిన్ని ఆసుపత్రిలో నన్ను పట్టుకుని, "పెద్దదానివి, ఒడ్డున ఉండి ఏం చేశావే?" అని ఏడ్చింది. "పిలిచాను పిన్నీ," అన్నాను. అమ్మ మంచం పక్కన మోకరించి ప్రార్థన చేస్తుంటే నేనూ కళ్ళు మూసుకున్నాను. మూసుకోగానే దుమ్మూ, గాలీ, ఆ గొంతూ. మళ్ళీ తెరిచేశాను.

గొంతు కాస్త బాగుపడ్డాక జరిగింది కెజియా పెద్దవాళ్ళందరికీ చెప్పింది, నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. గాలి తగిలిన మొదటి దెబ్బకే బోర్డు తిరగబడిందట. పట్టీ తెగిపోయి బోర్డు ఎగిరిపోయిందట. నోటినిండా నీళ్ళు వెళ్ళి గొంతు పట్టేసిందట. వెల్లకిలా తేలుతూ గాలి ఎటు తీసుకెళ్తే అటు పోయిందట. "ఒక్క కేక కూడా పెట్టలేకపోయాను పెద్దమ్మా. అరవాలని నోరు తెరిస్తే నీళ్ళే వచ్చేవి," అంది.

బోర్డు వదలకు అని నేను అరిచేసరికి బోర్డే లేదన్నమాట.

నాన్నగారిని ఒకసారి ఏదో పుస్తకంలో చదివినట్టుగా అడిగాను, నీళ్ళ మీద గొంతులు ఎలా వినపడతాయని. నీళ్ళ మీద చల్లగాలి, పైన వేడిగాలి ఉంటే శబ్దం వంగి చాలా దూరం పోతుందన్నారు. ప్రతిధ్వని కూడా రావచ్చన్నారు. కానీ ప్రతిధ్వని మనం అన్నదే అంటుంది. నేను ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. నా భయమే నాకు వినిపించిందనుకుందామంటే, రెల్లు అవతల పాకలో పడుకున్న మనిషికి నా భయం ఎలా వినపడుతుంది? ఏ వైపు నుంచి ఆలోచించినా ఎక్కడో ఒకచోట ఆగిపోతున్నాను.

కెజియా కోలుకుంది గానీ ముందులా లేదు. నాతో మాట్లాడేది కాదు. అన్నం పెడితే తినేది, పక్కన కూర్చుంటే లేచిపోయేది. ఒడ్డున ఉండి కాపాడలేకపోయానని కోపమేమో అనుకున్నాను. ఉంటే మాత్రం తప్పేముంది? క్షమించమని అడుగుదామని ఎన్నిసార్లో దగ్గరికి వెళ్ళాను. మంచినీళ్ళు కావాలా అని అడిగి వచ్చేసేదాన్ని.

వాళ్ళు వెళ్ళే రోజు అమలాపురం బస్టాండుకి నేనూ వెళ్ళాను. పిన్ని సామాను సర్దుతోంది. కెజియా కిటికీ పక్కన కూర్చుంది. నేను కింద నిలబడి, ఇంక ఇదే ఆఖరు అనుకుని, "దుమ్ములో నువ్వు నాకు కనపడలేదే," అన్నాను.

బస్సు స్టార్టయ్యింది. అప్పుడు కెజియా కిటికీలోంచి వంగి, పిన్నికి వినపడకుండా మెల్లగా చెప్పింది. ఆ తర్వాత తను నాతో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే పిన్నే ఎత్తుతుంది, బయటికెళ్ళిందంటుంది.

"మధ్యలో ఒకసారి దుమ్ము విడిందక్కా. నువ్వు నాకు కనిపించావు. మునుగుతూ కూడా చెయ్యెత్తి ఊపాను. నువ్వు నీ పక్కన నిలబడ్డావిడతో మాట్లాడుతున్నావు, నా వైపు చూడనేలేదు."