బతికున్న మనిషికి పెట్టిన చీర

పన్నెండేళ్ళుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడుపడదు, కక్కేద్దామంటే ధైర్యం చాలదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ఓదార్చాలనుకుంటే మాత్రం ఇక్కడే ఆపేయండి. జాలి చూపించేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

మాది బెంగుళూరులో హలసూరు. మా తాతకు మా అవ్వ రెండో పెళ్ళాం. మొదటామె కాన్పులో చనిపోయిందని తాత చెప్పాడు, అందరూ నమ్మారు. చచ్చిన సవతి పట్టి పీడించకుండా ఆమె పేరున చిన్న బంగారు బిళ్ళ చేయించి, రెండో భార్య తాళితో పాటు కట్టుకోవడం మా ఇళ్ళల్లో ఆనవాయితీ. తాత పోయి తాళి తీసేసినా అవ్వ ఆ బిళ్ళను నల్లదారంలో కట్టుకునే ఉంది. ఇంట్లో పెళ్ళంటే ముందు ఆ చనిపోయినామెకు దీపం పెట్టి, కొత్త చీర పెట్టి మొక్కాలి. ఆ చీర పెళ్ళికూతురు కట్టుకోవాలి.

తొంభైల చివర్లో నా పెళ్ళి కుదిరింది. మొక్కేటప్పుడు ఆమెను పేరుతో పిలవాలని నాకో సరదా. ఇంట్లో ఎవరికీ పేరు తెలియదు. పెద్దామె అంటే చాలదా అని అవ్వ కసిరింది. బెంగుళూరు పక్కనే ఉన్న హొసకోటెలో తాత దాయాది ఒకాయన ఉంటే, శుభలేఖ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అడిగాను. ఆయన తమలపాకుకు సున్నం రాసుకుంటూ, నంజమ్మ అన్నాడు. సంత వెనక వీధిలోనే ఉంటుంది, ఆమెకూ ఒకటి ఇచ్చి పొమ్మన్నాడు.

ఎగతాళి అనుకున్నాను. కాదు.

నేను వెళ్ళేసరికి ఆమె గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేనెవరి మనవరాలినో చెప్పాను. కూర్చోమనలేదు.

"బెంగుళూరులో పని చూసుకోని వస్తానని పోయినాడు. నేను సచ్చిపోయినానని చెప్పినాడంట కదా. చీర పెడతారంట నాకు?"

అవునన్నాను.

"బతికుండేదానికి ఒక గుడ్డ తెచ్చియ్యనోడు, సచ్చిందని చెప్పి చీరలు పెట్టించినాడా!"

ఆమె నుదుట బొట్టు లేదు. తాత పోయిన సంగతి ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవురూ చెప్పలా. వాడు ఇంకొకదాన్ని కట్టుకున్న పొద్దే తుడిచేసినా. వాడు నన్ను సంపితే నేను సుమ్నే ఊరుకుంటానా?"

నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు జిగటగా ఉన్నాయి.

"పోయి మీ అవ్వకు చెప్పు, నంజమ్మ బతికే ఉండాదని. ఆ బిళ్ళ తీసి పారెయ్యమను. నన్ను మెడకు కట్టుకోని తిరిగేదానికి ఆమె ఎవురు? నాకింకేమీ వద్దు. చెప్తావా?"

చెప్తానన్నాను.

బస్సెక్కాక నాకు వచ్చింది జాలి కాదు, కోపం. తాత మీద కూడా కాదు. ఈ ముసల్ది ఇన్నాళ్ళూ చావకుండా ఎందుకుంది అని. పెళ్ళి ఇంకా తొమ్మిది రోజులే. ఈ మాట బయటపడితే మా అవ్వది పెళ్ళే కాదంటారు, మా నాన్న పుట్టుక గురించి మగపెళ్ళివాళ్ళు నోటికొచ్చినట్టు మాట్లాడతారు, సంబంధం తప్పిపోతుంది. విన్నదంటే అవ్వ తట్టుకోలేదని నాకు నేనే చెప్పుకున్నాను. అవ్వను కాపాడానా? అబద్ధం. నా పెళ్ళిని కాపాడుకున్నాను.

దీపం పెట్టారు. చీర పెట్టారు. పెద్దామె అనే మొక్కారు. పేరు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నోరు మెదపలేదు. ఆ చీర కట్టుకుని పీటల మీద కూర్చున్నాను.

పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాను. తర్వాత పిల్ల పుట్టాక అనుకున్నాను. నాలుగేళ్ళకు అవ్వ మంచం పట్టింది. ఆఖరి రోజున బిళ్ళను గుప్పిట్లో పట్టుకుని, పెద్దామె దగ్గరికే పోతున్నాను, అక్కడ ఆమెకు సేవ చేసుకుంటాను అంది. నేను పక్కనే ఉన్నాను. పాలు తాగిస్తున్నాను. అప్పుడూ చెప్పలేదు.

మొన్న తమ్ముడి పెళ్ళికి మళ్ళీ చీర పెట్టాం. వాడి ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో. అక్కడి నుంచి హొసకోటె ఎంత దూరం? వాణ్ణి చూడడానికి ఎన్నిసార్లు వెళ్ళాను, ఒక్కసారైనా ఆ దారి పట్టానా? ఆమె పోతే మా దీపం నిజమైపోతుందని, నా తప్పు దానంతటదే మాసిపోతుందని కాచుకుని కూర్చున్నాను. తాత ఆమె చచ్చిందని ఒక్కసారి అన్నాడు. నేను ఏడాదికేడాది ఆమె చావు కోసం ఎదురుచూశాను. మా ఇద్దరిలో ఎవరు నీచులో మీరే తేల్చుకోండి.

ఉందో పోయిందో నాకు తెలియదు. రాశాక గొంతు కాస్త తేలికపడింది. ఆ సుఖం కూడా నాకు తగనిదే. అవ్వ బిళ్ళ ఇప్పుడు నా బీరువాలో ఉంది. ఆమె అవ్వకు చెప్పమన్న మాట ఇన్నేళ్ళకు, సంబంధం లేని మీకు చెబుతున్నాను. నంజమ్మ బతికే ఉండాది.