నిండుకున్న బండలు

మణికుమార్ గారి నోట ‘లేదు’ అనే మాట ఎవరూ వినలేదు. భవానీపురంలో ఓ గ్యాస్ ఏజెన్సీకి ఫోన్ చేస్తే పలికే రికార్డు గొంతుకు మాటలు రాయడం ఆయన ఉద్యోగం. కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, ప్రతి వాక్యాన్నీ పెదవులతో రుచి చూశాకే కాగితం ఉషకిచ్చేవారు. ఆమె చదివి రికార్డు చేసేది. ‘నొక్కండి’కి బదులు ఒక్కచోట ‘ప్రెస్ చేయండి’ అన్నదని ఆమెచేత మొత్తం మళ్ళీ చదివించారు.

ఆ వేసవిలో సరుకు రావడం ఆగిపోయింది. బియ్యం అయిపోతే ఇంట్లో ఆడవాళ్ళు ‘లేవు’ అనకుండా శుభంగా వాడే మాటనే ఆయన ఫోనుకూ రాశారు: “సిలిండర్లు నిండుకున్నాయి.” మర్నాడు తెల్లారేసరికి ఏజెన్సీ ముందు స్కూటర్లమీదా రిక్షాలమీదా ఖాళీ బండలు బారులు తీరాయి.

“నిండాయని మీ ఫోనే చెప్పిందిగా! ఇప్పుడు లేవంటారేంటండీ, వేళాకోళమా?” అంటూ షహజాది అనే ఆవిడ కౌంటరు బల్ల చరిచింది.

“నిండుకోవడమంటే... అయిపోవడమేనమ్మా,” అన్నారు మణికుమార్ గారు.

“అయితే అయిపోయాయనే ఏడవొచ్చుగా!”

గుంపు చెదిరాక యజమాని ఎల్లారావు ఆయన్ని లోపలికి పిలిచి, కాఫీ తెప్పించి, “ఎండలు మండిపోతున్నాయి. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి మాస్టారూ,” అన్నాడు. ఆ వాక్యానికి అర్థం మణికుమార్ గారికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గొడుగు తీసుకుని బయటికొచ్చారు.

“మళ్ళీ ఎప్పుడొస్తారండీ?” అంది ఉష.

“వస్తానమ్మా,” అని మెట్లు దిగారు.

సోమవారం పొద్దున్నే ఉష ఆయన కుర్చీ దుమ్ము దులిపి పెట్టింది.