రెండో హార్న్‌కు ఎనిమిది గళ్ళు

బడిలో అఆలు దిద్దిన ఏడాదే గంగాదేవి ఇంట్లో ఐదు గీతల మీద, తాళం లెక్కన నిలువు గీతలు విడదీసిన గళ్ళలో, స్వరాలు కూడా దిద్దింది. నేర్పింది నాయన ముత్యాలప్ప. మిలిటరీ బ్యాండులో పదిహేనేళ్లు క్లారినెట్ వాయించి, గుంతకల్లుకు తిరిగొచ్చి పెళ్లిళ్ల బ్యాండుసెట్టు పెట్టుకున్నాడాయన. సినిమా పాటైనా సరే, ముందు స్వరలిపిలో రాసి ఆ కాగితం అందరికీ పంచేవాడు. ట్రంపెట్ ఓబుళేసు దాన్ని మర్యాదకు ఒకసారి చూసి, మడిచి జేబులో పెట్టుకుని, చెవికి తెలిసినట్టు వాయించేవాడు. నిజంగా చదివేది కూతురొక్కతే.

రెండువేల రెండులో వాన మొహం చాటేసింది. మరుసటి ఏడూ అంతే. వేరుశనగ ఇంటికి రాకపోతే పెళ్లిళ్లు ఆగిపోతాయి, పెళ్లిళ్లు ఆగితే బ్యాండుకు పనేముంది? ఓబుళేసు బళ్లారికి కట్టడం పనికి పోయాడు. ముత్యాలప్పకు ముందుపళ్లు ఊడి క్లారినెట్ పెదవుల మధ్య నిలవడం మానేసింది. అప్పటికి గంగాదేవి స్టేషన్ రోడ్డులోని డీటీపీ సెంటర్లో పెళ్లిపత్రికలు కొడుతోంది. అవి కూడా తగ్గిపోయిన రోజుల్లో, స్వరలిపి చదవగలిగిన వాళ్లు కావాలని బెంగళూరు కంపెనీ ఒకటి పేపర్లో వేసిన ప్రకటన ఆమె కంటపడింది. రైలెక్కి పోయి, పరీక్ష ఇచ్చి, ఇంటి దగ్గరే కూర్చుని చేసే పని తెచ్చుకుంది.

ఆ పని ఒపేరాలది. మాటలు కూడా పాటలుగానే సాగే యూరప్ నాటకాలవి, రెండు మూడు వందల ఏళ్ల కిందటివి. ఒక్కో దానికి నాలుగైదు రాతప్రతులుంటాయి, ఏ రెండూ సరిపోలవు. పండితులు వాటిని పక్కపక్కన పెట్టి, కర్త రాసిందేది, నకలు రాసినవాడి పొరపాటేది అని తేల్చి, శుద్ధమైన ప్రతి సిద్ధం చేస్తారు. ఆ ప్రతిని కంప్యూటర్లో అచ్చుకు తగినట్టు ఎక్కించడం గంగాదేవి వంతు.

మొదటి పుస్తకంలోనే చీవాట్లు పడ్డాయి. ఒకచోట వయొలిన్‌కు రాసిన స్వరం తప్పని తోచి, చెప్పకుండా దిద్దేసింది. కంపెనీలో ఆ విభాగం చూసే కిరణ్ ఫోన్ చేసి, తప్పైనా సరే ఉన్నది ఉన్నట్టే ఎక్కించాలనీ, దిద్దే హక్కు ఆ శుద్ధప్రతి తయారుచేసిన పరిష్కర్తదేననీ, పరిష్కర్త దిద్దినా ఎందుకు దిద్దారో పుస్తకం చివర చెప్పుకోవాలనీ గట్టిగానే చెప్పాడు. గంగాదేవికి చిన్నతనమనిపించింది. కానీ ఆ చివరి పేజీలు చదవగా చదవగా ఆ పద్ధతి నచ్చింది. ఇన్నూరేళ్ల కిందట ఎవరో చేసిన చిన్న పొరపాటుకు ఇంకెవరో ఇంత మర్యాదగా సంజాయిషీ రాయడం ఆమె అంతకుముందు యాడా చూడలేదు.

రెండువేల ఏడులో ఒక హాస్య ఒపేరా వచ్చింది. ఒక వంటలక్క ఊరి న్యాయాధికారిని మాటలతో ముప్పుతిప్పలు పెట్టే కథ. అందులో ఆమె పెద్ద పాటకు వెనక రెండు హార్న్‌లు ఊదుతాయి. ఇవి చుట్లు తిరిగిన ఇత్తడి కొమ్ములు. పాట నడుమ నుంచి రెండో హార్న్ మొదటిదానితో పొసగదు. చివరి ఎనిమిది గళ్ళలో అసలు పలకనే పలకదు. న్యాయాధికారి తడబడి నోరు మూసుకున్నాడనడానికి కర్త చేసిన ఎగతాళి అది అని ఆ పుస్తకం పరిష్కర్త అయిన ఆవిడ రాసుకుంది.

కూతురు ఎక్కించి ముద్రించిన కాగితాలను, తప్పులు చూసిపెట్టడానికి, ఎప్పటిలాగే ముత్యాలప్ప చదువుతున్నాడు. వేళ్లతో గాలిలో మీటలు నొక్కుతూ చదవడం ఆయన అలవాటు. చివరి పేజీ దగ్గర వేళ్లు ఆగాయి.

"ఏం పాపా, ఈ రెండో హార్నువాన్ని ముగింపులో ఊరకుండబెట్టినారు?"

ఎగతాళి సంగతి గంగాదేవి చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు.

"ముగింపులో అందరూ ఊదాల. ఆడ నోరు మూసుకునేవాన్ని ఏ మాస్టరూ పెట్టుకోడు. యాడనో వరస తప్పినాడు, చూడు."

ఆమె రెండు హార్న్‌ల రాతప్రతుల ఫొటోలూ పక్కపక్కన పెట్టింది. ఒకచోటి దాకా అచ్చంగా జోడీ. అక్కడి నుంచి రెండోది ఎనిమిది గళ్ళు ముందుకు జరిగిపోయింది. వెనక్కి జరిపి చూస్తే మళ్లీ పొసిగింది. రాతప్రతిలో ఒక వరుసకు సరిగ్గా ఎనిమిది గళ్ళు. చూసి రాసిన ప్రతిలో పైవరుసా దాని కిందివరుసా ఒకే మూడు స్వరాలతో మొదలై ఉండాలి. నకలు రాసినవాడి చూపు ఒక వరుస దాటేసింది. ఎగతాళీ లేదు, తడబాటూ లేదు. ఎవడో అలసిపోయిన మనిషి, అంతే.

ఫోన్ చేసి ఈ సంగతి చెబితే, మనం ఎక్కించేవాళ్లమే గానీ తేల్చేవాళ్లం కాదని కిరణ్ మళ్లీ గుర్తు చేశాడు. ఆ మాట నిజమేనని ఆమె వారం రోజులు ఊరకుంది. తర్వాత, తానేమీ దిద్దలేదనీ, అడుగుతున్నానంతేననీ చెప్పి పరిష్కర్తకు రాసిన ఉత్తరం కిరణ్‌కు పంపింది. డిక్షనరీ పెట్టుకుని రాసిన ఇంగ్లీషు, పది వాక్యాలు. దానికి తోడు, మొదటి హార్న్‌ను బట్టి ముత్యాలప్ప పెన్సిలుతో పూరించిన ఎనిమిది గళ్ళు. కిరణ్ గొణుగుతూనే దాన్ని పరిష్కర్తకు చేరవేశాడు.

జవాబు రెండు నెలలకు వచ్చింది. ఆవిడ గ్రంథాలయానికి పోయి అసలు ప్రతి తిరగేసిందట. ఫొటోలో పడనంత పలచగా, సరిగ్గా ఆ వరుస జారిపోయిన చోట, ఇక్కడేదో తప్పిందన్నట్టు ఎవరో వేసిన చిన్న గుర్తు కనబడిందట. ఆ మౌనం మీద తాను పెద్ద వ్యాసం రాశాననీ, పదకొండేళ్లుగా విద్యార్థులకు అదే చెబుతున్నాననీ, ఇక వెనక్కి తీసుకోవాలనీ రాసింది. గంగాదేవి సంతోషపడదామనుకుంది. కానీ పదకొండేళ్లు అన్న మాట దగ్గరే మనసు చిక్కుకుపోయింది. తనకు మొదటి చీవాట్లు పడిన రోజు చెవులు ఎంత వేడెక్కాయో ఆమెకు తెలుసు.

మరుసటి ఏడు పుస్తకం వచ్చింది. ఇటుకంత బరువు. ఆ ఎనిమిది గళ్ళు సన్నటి అచ్చులో ఉన్నాయి, తర్వాతివాళ్లు పూరించినవని తెలిసేటట్టు. చివరి పేజీల్లో, పూరణ సూచించినది గుంతకల్లు క్లారినెట్ వాద్యకారుడు ముత్యాలప్ప అని ఒక వాక్యం. ఆ వాక్యాన్ని ఎక్కించింది కూడా గంగాదేవే. ఎక్కించినవాళ్ల పేర్లు అచ్చువేయడం ఆ పుస్తకాల్లో ఆనవాయితీ కాదు. అందుకు ఆమెకు కొంచెం కష్టమనిపించింది, కానీ నాయనకు చెప్పలేదు.

ముత్యాలప్ప పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, తన పేరును దాటేసి, నేరుగా ఆ గళ్ళకు పోయాడు.

"అయిదో గడిలో మార్చినారే. నేను పైస్వరం రాసింటి."

"రాసి అడగమంటావా, నాయనా?"

ఆయన రెండు రకాలుగానూ నోటితో పాడి చూశాడు. బోసినోట్లో గాలి జారిపోయింది. మళ్లీ పాడాడు.

"వద్దులే. కిందిదైతే ఊదేవానికి ఊపిరి తీసుకునేకి చోటుండాది. ఆయమ్మదే సరి."

ఆ వారమే బెంగళూరు నుంచి కొత్త కట్ట వచ్చింది, ఎక్కడిదో ఒక రాణి విషాదగాథ. గంగాదేవి మొదటి పేజీ తెరిచి, వరుసకు ఎన్ని గళ్ళున్నాయో లెక్కపెట్టుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుంది.