దండకు పనికొచ్చే ఫోటో

మనవరాలు ఫోటోగ్రఫీ చదువుతోంది. నేను పోయాక దండ వేయడానికి మంచి ఫోటో ఒకటి తీయమన్నాను. పట్టుచీర కట్టి, పళ్లసెట్టు పెట్టుకుని వస్తే, పళ్లు తీయించి, పాత చీర కట్టించి, కొత్తగూడ ఫ్లైఓవర్ కింద కూర్చోబెట్టింది.

ఆ ఫోటో కాలేజీ గోడకెక్కింది. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, కింద రాసింది కూడబలుక్కుని చదివాను: "ఎవరూ లేని అవ్వ".

"ఏందే గిది? నాకు ఎండ తగలకుండ గొడుగు పట్టింది మీ అమ్మ. నా పళ్లు జేబుల పెట్టుకుని నిలబడ్డడు మీ నాయన. ఎవరూ లేరా నాకు?"

"వీధి ఫోటోలకు అదే థీమ్ నానమ్మా! స్టూడియో ఫోటోలు వచ్చే నెల నేర్పుతరు. అప్పుడు పట్టుచీరల తీస్త, జర ఆగు."

ఆగక తప్పదు. ఈలోగా పోతే దండ పడేది ఆ బోసినోటికే.